ఒకసారే నింపాలి: నల్లగొండ పెరట్లో ఒక ఈత కొలను పని డైరీ

ఫిబ్రవరి 6

నల్లగొండ నుంచి పానగల్లు వెళ్లే దారిలో ఇల్లు. వెనక పెరడు ముప్పై అడుగులకు నలభై. రెండు కొబ్బరి చెట్లు, ఒక జామ, మూలన బోరు. ఇంటి పెద్దాయన పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుడు, నేను సార్ అనే పిలుస్తాను. నేల మీద నిలబెట్టే ఈత కొలను కావాలని ఫోను చేసినప్పుడు మనవల కోసం అనుకున్నాను. ఇంటికి వెళ్లాక తెలిసింది, అది ఆయన భార్య కోసం, నేను అమ్మ అని పిలుస్తాను.

అమ్మ పుట్టిల్లు మర్రిగూడ మండలంలో. చిన్ననాడు తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ మోకాళ్లలో, నడుములో ఉండిపోయింది. గచ్చు మీద పది అడుగులు వేస్తే కూర్చోవాలి. రోజూ అరగంట ఛాతీ లోతు నీళ్లలో నడవమని ఫిజియోథెరపిస్టు చెప్పారట. నడుము దాకా నీళ్లుంటేనే కాళ్ల మీద పడే బరువు దాదాపు సగానికి తగ్గుతుంది, ఛాతీ దాకా ఉంటే ఇంకా తగ్గుతుంది. రోజూ కారెక్కి ఎక్కడికో వెళ్లి దిగడం ఆమె వల్ల కాదు కాబట్టి నీళ్లే ఇంటికి రావాలి.

కొలత అక్కడే తేల్చాం. 15 అడుగుల వ్యాసం, 4 అడుగుల ఉక్కు గోడ, లోపల నీళ్లు పట్టి ఉంచే వినైల్ ప్లాస్టిక్ పొర (లైనరు), మూడున్నర అడుగుల నీళ్లు. అమ్మ ఎత్తు ఐదడుగుల లోపే, ఆ నీళ్లు ఆమెకు ఛాతీ కింది వరకు వస్తాయి. లెక్క కడితే 17,500 లీటర్లు, అంటే పదిహేడున్నర టన్నుల బరువు.

ఈ లెక్క రాసిన ప్రతిసారీ ఒక పాత పని గుర్తొస్తుంది. మూడేళ్ల కిందట ఒక ఇంట్లో పల్లం వైపు మొరం పోసి, దిమ్మిసతో కొట్టి, దాని మీద కొలను నిలబెట్టాను. మొదటి పెద్ద వానకే ఆ వైపు రెండు అంగుళాలు దిగింది. గోడ పొట్ట ఉబ్బింది, లైనరు అంచు జారింది. నీళ్లన్నీ వదిలేయడం తప్ప దారి లేకపోయింది. ఆ నీళ్లు వీధి వెంట పారుతుంటే, ఎదురు వరుసలో ఆడవాళ్లు ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకుని నిలబడి చూశారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ చూపు మాత్రం మరిచిపోలేదు. అప్పటి నుంచి నా పనికి ఒకటే షరతు: కొలనును ఒకసారే నింపాలి. మళ్లీ ఖాళీ చేయాల్సిన అవసరం రాకుండా ముందే పని చేయాలి.

ఫిబ్రవరి 10

బోరు నీళ్ల పరీక్ష ఫలితం వచ్చింది. లీటరుకు ఫ్లోరైడ్ 2.8 మిల్లీగ్రాములు, కాఠిన్యం, అంటే కరిగిన కాల్షియం వంటి లవణాలు, 520. తాగే నీళ్లకు భారత ప్రమాణం ఫ్లోరైడ్‌ను 1 మిల్లీగ్రాము లోపు ఉంచమంటుంది, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటుంది. ఈ ఇంట్లో తాగడానికి, వంటకు సర్కారు ఇంటింటికీ ఇచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లే. అవి కొలనుకు వాడకూడదని నేను చెప్పబోతుంటే సార్ ముందే అన్నారు: "ఆ నల్లా కోసం ఈ జిల్లా ఎన్నేళ్లు ఎదురుచూసిందో నాకు తెలుసు. దాంట్లోంచి ఒక్క చెంబు కూడా వద్దు."

అయితే బోరు నీళ్లే. సార్‌కు ఒక ఆలోచన వచ్చింది. ఆయన బడిలో ఏటా రెండు బకెట్లతో పిల్లలకు చేసి చూపించిన, నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే నల్లగొండ పద్ధతి ఉంది కదా: పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేటపడ్డాక పైనీళ్లు తీసుకోవడం. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించి, మన ఊరి పేరు పెట్టిన పద్ధతి. కొలను నీళ్లకూ అదే చేద్దామా అన్నారు. కాసేపు ఇద్దరం కాగితం మీద లెక్క వేశాం. ఇన్ని నీళ్లకు పటిక కిలోల్లో పడుతుంది. ఫ్లోరైడ్ నిండిన మడ్డి అడుగున పేరుకుంటుంది, దాన్ని తోడి పారబోయడానికి మళ్లీ నీళ్లు పోతాయి. పైగా చర్మం గుండా ఫ్లోరైడ్ చెప్పుకోదగ్గంతగా లోపలికి వెళ్లదు, మింగితేనే చిక్కు. తాగని నీళ్లకు ఆ శ్రమ వద్దనుకున్నాం. మనవలు వచ్చినప్పుడు నోట్లోకి నీళ్లు పోనివ్వకుండా చూసుకునే బాధ్యత తనదని సార్ అన్నారు.

ఇంకో చిన్న పరీక్ష. తెల్ల బకెట్టు నిండా బోరు నీళ్లు పట్టి, కొద్దిగా క్లోరిన్ ద్రవం కలిపి రాత్రంతా వదిలేశాం. పొద్దున చూస్తే పలచటి టీ రంగు. నీళ్లలో ఇనుము ఉందన్నమాట. నింపే ముందే ఇది తెలియడం మంచిది. తెలియకపోతే కొలను నిండాక రంగు మారినప్పుడు కంగారు పడి నీళ్లు మార్చేస్తారు.

ఫిబ్రవరి 14

తెల్లవారి ఆరున్నరకు పని మొదలు. నడిమధ్య మేకు దించి, తొమ్మిది అడుగుల తాడు కట్టి, ముగ్గుపిండితో వలయం గీశాం. కొలను కంటే చుట్టూ అడుగున్నర ఎక్కువ. లెవల్ పైపు పట్టి చూస్తే అటు చివరి నుంచి ఇటు చివరికి ఏడు అంగుళాల వాలు. మెరక వైపు తవ్వి పల్లానికి కలపాలి కానీ, పల్లం వైపు పోసి మెరకకు లేపకూడదు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

పదకొండు గంటలకు బోరు వైపు గడ్డపార ఖంగుమంది. నాలుగు అంగుళాల మట్టి కింద పరుపు బండ. ఇనుప చువ్వతో గుచ్చుతూ దాని అంచు వెతికాం. మా వలయంలోకి మూడడుగులు చొచ్చుకొచ్చింది. సగం బండ మీద, సగం మట్టి మీద కొలను నిలబెడితే మట్టి వైపే దిగుతుంది, అంటే మళ్లీ పాత కథ. కంప్రెసరు పెట్టి బండ కొట్టిస్తే పక్కనే బోరు కేసింగు, ఆ అదురు దానికి మంచిది కాదు. మేకు పీకి నాలుగడుగులు జామ చెట్టు వైపు జరిపాం. ఆ జామ సార్ వాళ్ల అమ్మ నాటిన చెట్టు. కొట్టమని నేను అడగలేదు, ఆయన కూడా అనలేదు. కొలను మీదికి వంగిన రెండు కొమ్మలు మాత్రం తీశాం. జరిపాక వాలు ఐదు అంగుళాలకు తగ్గింది.

ఫిబ్రవరి 15

ఈ రోజంతా తుంగతోనే సరిపోయింది.

లైనరును బయటి నుంచి చీల్చేవి రాళ్లని చాలామంది అనుకుంటారు. రాయి కంటికి కనిపిస్తుంది, ఏరేస్తాం. తుంగ కనిపించదు. దాని మొలక సూదిలా ఉంటుంది, గట్టి నేలనే పొడుచుకుని లేస్తుంది. అర మిల్లీమీటరు మందం లైనరు దానికి ఒక అడ్డు కాదు. పైన గడ్డి చెక్కేస్తే సరిపోదు. కింద జానెడు లోతు వరకు గొలుసులా ఒకదానికొకటి తగులుకుని గడ్డలుంటాయి, ఒక్కటి మిగిలినా చాలు. జీవితమంతా పొలాల్లో కలుపు తీసిన ఇద్దరు అక్కలను పిలిపించాను. మావాళ్లు పార వేసి తిరగేసిన మట్టిలో నాకు ఏమీ కనిపించని చోట వాళ్లు గుప్పెడు గుప్పెడు నల్లటి గడ్డలు ఏరారు. సాయంత్రానికి తట్ట నిండింది.

"ఇది ఇంతటితో పోదు తమ్ముడూ, తడి పెట్టి చూడు" అంది పెద్దక్క. నిజమే. వారం రోజులు పొద్దున పూట నీళ్లు చల్లి వదిలేద్దామని సార్‌తో చెప్పాను. పని ఆగిపోయిందేమని మరొకరైతే అడిగేవారు. ఆయన అడగలేదు.

ఫిబ్రవరి 22

వారంలో పదకొండు మొలకలు లేచాయి. ఒక్కొక్కటి గడ్డతో సహా తవ్వి తీశాం. చివరి మూడు రోజుల్లో కొత్తగా ఏదీ రాలేదు.

నేల గట్టిపరిచాక, గోడ నిలువు కాళ్లు వచ్చే పది చోట్ల రెండు అంగుళాల మందం సిమెంటు పలకలు నేలతో సమంగా పాతాం. ప్రతి పలక మీద రసమట్టం పెట్టి, తర్వాత పదింటినీ లెవల్ పైపుతో ఒకదానితో ఒకటి సరిచూశాం. అంగుళం తేడా వరకు ఫర్వాలేదని పని నేర్పినవాళ్లు చెప్పారు. నేను పావు అంగుళం దగ్గర ఆగాను. దీనికే పూట పట్టింది. పైకి ఏమీ కనిపించని పని ఇది, కానీ కొలను ఎన్నేళ్లు నిలుస్తుందో ఇక్కడే తేలుతుంది.

జల్లెడ పట్టిన సన్న ఇసుక మధ్యలో కుప్పగా పోయించాను. గోడ మూసేశాక తట్టలతో పైనుంచి అందించడం కంటే ఇది సులువు.

ఫిబ్రవరి 24

గోడ. చుట్టగా చుట్టిన ముడతల ఉక్కు రేకు, నలుగురు ఎత్తాలి. గాలి లేవకముందే, ఏడింటికల్లా కింది పట్టీలో దించుతూ విప్పుకుంటూ వచ్చాం. చివరికి రెండు కొసలు కలవలేదు, అంగుళం ఎడం మిగిలింది. ఇలాంటప్పుడు కొసలను బలవంతంగా లాగి బోల్టు వేయకూడదు. కింది పట్టీకి పది అతుకులున్నాయి. ఒక్కో అతుకును రెండున్నర మిల్లీమీటర్ల చొప్పున దగ్గరికి జరిపితే ఆ అంగుళం అందులోనే సర్దుకుంటుంది. అలాగే చేశాం. తర్వాత నాలుగు వైపుల నుంచి వ్యాసం కొలిచాను, గుండ్రం సరిగ్గా వచ్చింది. అతుకు దగ్గర ఎన్ని రంధ్రాలుంటే అన్ని బోల్టులూ వేశాం, ఒక్కటీ వదలలేదు.

ఫిబ్రవరి 26

నిన్న ఇసుక రెండు అంగుళాల మందాన పరిచి, గోడ మొదట్లో చుట్టూ ఏటవాలుగా చిన్న గట్టు కట్టి తడిపి అదిమాం. ఆ గట్టు లేకపోతే నీటి ఒత్తిడికి లైనరు గోడ కిందికి దూరుతుంది.

ఈ పొద్దున లైనరును ఎండలో అరగంట పరిచి మెత్తబడ్డాక లోపల వేలాడదీశాం. గోడకూ దానికీ మధ్య వాక్యూమ్ క్లీనరు గొట్టం దూర్చి గాలి లాగితే ముడతలు వాటంతటవే పోయి గోడకు అంటుకుపోయింది. బోరు తిప్పాం. పాదాలు మునిగేంత నీళ్లు వచ్చేవరకు నేనూ మరో కుర్రాడూ వట్టి కాళ్లతో లోపలే నిలబడి, మిగిలిన ముడతలను మడమలతో అంచుల వైపు తోశాం. రెండు అంగుళాల నీళ్లు దాటితే ఆ బరువు కింద ముడత కదలదు.

బోరు గంటకు 1,500 లీటర్లు ఇస్తుంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు చాలని, మధ్యలో దానికి విరామం కావాలని సార్‌తో అన్నాను. మూడు రోజుల్లో నిండుతుంది.

మార్చి 1

నీళ్లు గొట్టపు రంధ్రాల కిందికి చేరినప్పుడే లైనరును ఆ చోట్ల కోసి బిగింపులు వేశాం, అంతకు ముందు కోస్తే బరువుకు లైనరు సాగి రంధ్రం పక్కకు జరుగుతుంది. నిన్న సాయంత్రానికి గుర్తు వరకు నిండింది. గోడ చుట్టూ నీటి అంచును కొలిచాను. అన్ని చోట్లా తేడా పావు అంగుళం లోపే.

కరెంటు పని విడిగా రాసుకోవాలి. ఉక్కు గోడ, తడి మనుషులు, మోటారు ఒకే చోట ఉన్నాయి. పంపుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా తెంచే స్విచ్చు), కొత్తగా తవ్వించిన ఎర్తింగ్ గుంట, గోడను పంపు బాడీని కలిపి రాగి తీగతో ఎర్తింగుకు కట్టడం. ఈ మూడింటిలో ఒకటి తగ్గించమని ఎవరు అడిగినా పని వదిలేసి వస్తాను. పరీక్ష బటను నొక్కి కరెంటు తెగడం సార్‌కూ అమ్మకూ చూపించాను. నెలకోసారి నొక్కి చూడాలి.

ఫిల్టరు విషయంలో ఇసుక ఫిల్టరు వద్దన్నాను. దాన్ని ఎదురు నీటితో కడిగిన ప్రతిసారీ వందల లీటర్లు బయటికి పోతాయి. కార్ట్రిడ్జ్ అయితే తీసి రెండు బకెట్లతో కడిగేయవచ్చు. చేతి పని ఎక్కువ, నీళ్లు తక్కువ. పంపు గంటకు 4,000 లీటర్లు తిప్పుతుంది, రోజుకు ఐదు గంటలు చాలు. క్లోరిన్ కలపగానే అనుకున్నట్టే టీ రంగు వచ్చింది. నిన్నటి నుంచి ఫిల్టరు ఆరుసార్లు కడిగితే రంగు పోయి అడుగున మడత గీత కూడా కనిపిస్తోంది. ఒక్క లీటరూ పారబోయలేదు.

మార్చి 3

ఇన్నాళ్లూ కొలను గురించే ఆలోచించాను. ఈ రోజు మెట్ల దగ్గర అసలు పని మొదలైంది.

కొలనుతో వచ్చిన నిచ్చెన ఆరోగ్యవంతులకు. ఒక్కో మెట్టు పది అంగుళాలు. అమ్మ పాదం ఎంత పైకి లేస్తుందో చూద్దామని వరండా గోడకు సుద్దముక్కతో గీతలు గీశాను. గోడ పట్టుకుని ఆమె పాదం ఎత్తారు. ఐదు అంగుళాలు. ఇంకొంచెం ప్రయత్నిస్తానంటే వద్దన్నాను. మంచి రోజున ఎత్తగలిగింది కాదు, నొప్పి ఉన్న రోజున ఎత్తగలిగిందే కొలత.

బయటి మెట్లు సులువు. 48 అంగుళాల ఎత్తుకు పది మెట్లు, ఒక్కోటి ఐదు అంగుళాల లోపే, వెడల్పు నాలుగడుగులు, రెండు వైపులా పట్టుకోవడానికి పైపు. మేస్త్రీకి ఒకటే చెప్పాను: కట్టడం ఉక్కు గోడకు తగలకూడదు, రెండు అంగుళాలు వదలాలి. నీటి ఒత్తిడికి గోడ కాస్త కదులుతుంది. తగిలితే రంగు రాసుకుపోయి తుప్పు పడుతుంది.

లోపలి మెట్లే తేలలేదు. అవీ ఐదు అంగుళాలే అంటే పది మెట్లు, ఎనిమిది అడుగుల పొడవు. పదిహేను అడుగుల కొలనులో సగానికి పైగా మెట్లే అయితే నడిచేది ఎక్కడ? సాయంత్రమంతా కాగితాలు చింపాను.

మార్చి 5

దారి అమ్మే చూపించారు. "బిడ్డా, నీళ్లలోకి దిగాక కాలు తేలికవుతుందంటివి కదా. మరి కింది మెట్లు పొట్టిగా ఉండటం ఎందుకు?" అన్నారు.

ఇంతకాలం ఈ పని చేస్తూ నాకు తట్టని మాట అది. శరీరం నీటి పైన ఉన్నంతసేపే బరువు. లోతుకు పోయేకొద్దీ మెట్టు ఎత్తు పెరిగినా కాలు ఓర్చుకుంటుంది. పైకి వచ్చేటప్పుడూ అంతే, ఎత్తు మెట్లు నీళ్ల లోపలే అయిపోతాయి, నీళ్లు వదిలే చోట మెట్లు పొట్టివవుతాయి. పై నుంచి 5, 5, 6, ఆ తర్వాత నాలుగూ 8 చొప్పున. మొత్తం 48 అంగుళాలు. ఏడోసారి దిగితే కొలను అడుగే, కాబట్టి మెట్లు ఆరే, పొడవు ఐదడుగులు. ఫ్యాబ్రికేషన్ షాపులో 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించాను. 304 చవక, కానీ క్లోరిన్ నీటిలో దానికి పుట్టుమచ్చల్లా గుంటలు పడతాయి. కాళ్లకు రబ్బరు బూట్లు, వాటి కింద మందపాటి చాప.

మెట్లు ఎప్పటికీ అక్కడే ఉంటాయి, నిచ్చెనలా తీసి దాచలేం. అంటే పిల్లలకూ దారి తెరిచి ఉన్నట్టే. సార్ మనవరాలికి నాలుగేళ్లు. అందుకని బయటి మెట్ల మొదట్లో తనంతట తానే మూసుకునే గేటు, పెద్దవాళ్ల చేతికే అందే గడియ. దీనికి మళ్లీ ఖర్చా అని సార్ అడగలేదు. అడిగినా గేటు లేకుండా మెట్లు పెట్టేవాణ్ని కాదు.

మార్చి 13

ఎనిమిదింటికి అమ్మ దిగారు. సార్ లోపల, నేను గట్టు మీద. మూడో మెట్టు దగ్గర ఆగి కాసేపు పైపు పట్టుకుని నిలబడ్డారు. నాలుగో మెట్టు దిగేటప్పుడు సార్ వైపు చూసి, చేయి వదిలేశారు. గోడ వెంట ఒక చుట్టు తిరిగారు. ఇంకోటి తిరిగారు. ఎవరూ ఏమీ మాట్లాడలేదు.

మార్చి 20

నీళ్ల సంరక్షణ సార్‌కు అప్పగించాను. పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య, క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు. ఈ కొలనులో క్లోరిన్ ఒక అంకె పెరగాలంటే పది శాతం ద్రవం 175 మిల్లీలీటర్లు. బ్లీచింగ్ పౌడరు వాడవద్దన్నాను, అది కాల్షియాన్ని కలుపుతుంది, మన నీళ్లలో అది ఇప్పటికే ఎక్కువ. పీహెచ్ తగ్గించే ఆమ్లాన్నీ క్లోరిన్‌నూ ఒకే అలమారాలో ఉంచకూడదని నేను చెప్పే లోపే సార్ రెండు వేరు వేరు గదులు చూపించారు.

ఏప్రిల్ 9

ఎండలు ముదిరాయి. నీళ్లు తగ్గుతున్నాయని, ఎక్కడైనా కారుతోందేమోనని సార్ ఫోను. వెళ్లి బకెట్ పరీక్ష పెట్టాను. మెట్టు మీద బకెట్టు నిండా కొలను నీళ్లు పెట్టి, రెండింటి మట్టానికీ గుర్తులు పెట్టాం. ఒక రోజు గడిచాక బకెట్లో 9 మిల్లీమీటర్లు, కొలనులో 9 మిల్లీమీటర్లు తగ్గింది. రెండూ సమానం, అంటే కారడం లేదు, అంతా ఆవిరే.

అయినా ఊరుకోదగ్గ సంగతి కాదు. రోజుకు దాదాపు 150 లీటర్లు. నెలకు 270 మిల్లీమీటర్లు, అంటే కొలనులో నాలుగో వంతు. ఆవిరి నీటినే తీసుకుపోతుంది, లవణాన్ని వదిలేస్తుంది. పోయినదంతా బోరు నీళ్లతో నింపుతూ పోతే కాఠిన్యం నెలకు నాలుగో వంతు పెరుగుతుంది. వర్షాకాలం నాటికి ఆ నీళ్లు పనికిరాక పారబోయాల్సి వస్తుంది.

బుడగల కవరు అమ్ముతారు కానీ అది ఎండను లోపలికి పట్టి నీళ్లను మరీ వేడెక్కిస్తుంది. తోటల్లో వాడే షేడ్ నెట్‌తో పందిరి వేసి, వాడని వేళల్లో నీటి మీద తెల్లటి దళసరి పట్టా పరిచాం. గోరువెచ్చదనం మాత్రం ఉండనిచ్చాను, బిగుసుకున్న కీళ్లకు అది మంచిదే.

ఏప్రిల్ 16

పట్టా పరిచాక రోజుకు 2 మిల్లీమీటర్లే తగ్గుతోంది.

డాబా మీది వాన నీళ్లను వడగట్టి కొలనుకు కలిపే పైపు దారి గీశాను. వాన నీటికి కాఠిన్యం ఉండదు, తగ్గిన మేర దానితోనే నింపవచ్చు. మొదటి వాన బయటికి పోయేలా ఒక వాల్వు పెట్టాలి. జూన్ లోపు పూర్తి చేయాలి.

ఫిల్టరు బుట్ట తెరిస్తే అందులో ఏడు చింతగింజలు దొరికాయి. చుట్లు లెక్కపెట్టుకోవడానికి అమ్మ గట్టు అంచున పెట్టుకుంటారట. ఒక్కో చుట్టుకు ఒక గింజ ఇటు నుంచి అటు జరుపుతారు, చేయి తగిలి కొన్ని నీళ్లలో పడతాయి. ఇప్పుడు ఎన్ని చుట్లమ్మా అని అడిగితే ఇరవై అన్నారు. గోడ వెంట ఒక చుట్టు నలభై అడుగులు. ఆదివారం వెళ్లి, ఆమె చేతికి అందేలా గింజలు పెట్టుకోవడానికి అంచున్న చిన్న గూడు ఒకటి బిగించాలి.